వాడకంలో లేని ఇంటి స్విమ్మింగ్ పూల్: పెద్దవాళ్లకు ప్రమాదం లేకుండా ఏర్పాటు చేసుకోవడం ఎలా?

"ఇంట్లో ఇప్పుడు ఈత కొట్టేవాళ్లెవరూ లేరు, ఉన్నది డెబ్బై దాటిన అమ్మానాన్నలు మాత్రమే. కొలనులో నీళ్లు తోడించేస్తే ఇక భయం లేనట్టేనా?" అని అడిగేవారు చాలామంది ఉన్నారు. భయం పోదు. నీళ్లు తీసేస్తే మునిగిపోయే ప్రమాదం తగ్గుతుంది గాని, నాలుగు నుంచి ఆరడుగుల లోతున్న గట్టి సిమెంటు గుంత అక్కడే ఉంటుంది. ఆ వయసులో అంత ఎత్తు నుంచి పడితే తుంటి ఎముక విరగడానికి, తలకు దెబ్బ తగలడానికి అవకాశం చాలా ఎక్కువ. పైగా వానపడితే అడుగున జానెడు నీళ్లు నిలిచి పాచి పడుతుంది కనుక, పడిన మనిషి లేవలేక ఆ నీళ్లలోనే ఉండిపోవలసి వస్తుంది. లోపలి నుంచి పిలిచే పిలుపు ఇంట్లోకి సరిగా వినబడదు. కొలను నిచ్చెన చాలా చోట్ల అడుగు దాకా ఉండదు కాబట్టి, దెబ్బ తగలకపోయినా సొంతంగా పైకి రావడం కష్టం.

అన్నిటికంటే చెడ్డది సగం నీళ్లున్న కొలను. ఎవరూ పట్టించుకోని కొలనులు చివరికి ఆ స్థితికే చేరతాయి. అందులో పడినవారి చేతికి గట్టు అందదు, మునగడానికి సరిపడా నీళ్లు మాత్రం ఉంటాయి. ఆ నీటి మీద ఆకులు పరుచుకుంటే సాయంత్రం వేళ చూపు మందగించిన కళ్లకు అది నేలలాగే కనిపిస్తుంది.

అందుచేత ఈ పనిలో మొదట చూసుకోవలసింది గట్టు. పెద్దవాళ్లు తోడు లేకుండా గట్టు దాకా రాకుండా చూడగలిగితే పనిలో పెద్ద భాగం అయినట్టే. నీళ్లు, కవరు, అలారం అన్నీ దాని తరువాతే వస్తాయి.

ముందుగా తేల్చుకోవలసింది

మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, కొలనును నిండుగా, శుభ్రంగా ఉంచుతూ చుట్టూ కంచె వేయడం. రెండోది, కంచెతో పాటు బరువు మోసే కవరుతో కప్పడం. మూడోది, శాశ్వతంగా పూడ్చడం లేదా పైన వేదిక కట్టించడం. రెండేళ్లుగా ఎవరూ దిగకపోతే, రాబోయే రెండేళ్లలో దిగే మనిషి పేరు ఫలానా అని మీరు చెప్పలేకపోతే, మూడోదే మంచిదని నా అభిప్రాయం. కీళ్లనొప్పులకు నీటిలో వ్యాయామం చేయమని వైద్యులు సూచించి ఉంటే మాత్రం పూడ్చే ముందు ఆగి ఆలోచించండి. అయితే అలా వాడాలంటే రెండు వైపులా పట్టుకమ్మీలున్న వెడల్పాటి మెట్లు, దిగిన ప్రతిసారీ పక్కన తోడు అవసరమవుతాయి.

ఏ దారి ఎంచుకున్నా కింద చెప్పిన మొదటి రెండు అంచెలు ఈ రోజే మొదలుపెట్టవచ్చు. కంచెకు, పూడ్చడానికి మీ ప్రాంతంలో ప్రత్యేక నిబంధనలు ఉండవచ్చు కాబట్టి, పని మొదలుపెట్టే ముందు స్థానిక భవన అనుమతుల కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

కావలసినవి

- కొలత టేపు, టార్చిలైటు, సుద్దముక్క, నోటుపుస్తకం
- మంచి తాళాలు, ప్రతి తాళానికి కనీసం రెండు చెవులు
- నిలువు చువ్వల కంచె, దానంతటదే మూసుకుని గడియ పడే గేటు
- మెరుపు లేని ముదురు పసుపు లేదా తెలుపు పెయింటు, జారకుండా పట్టునిచ్చే పూత
- తలుపులకు, గేటుకు అలారాలు
- తాడు కట్టిన రక్షణ వలయం, గట్టి పొడవాటి కర్ర లేదా కొక్కెం కర్ర
- ఎలక్ట్రీషియన్ ఒకరు. పూడ్చడం లేదా వేదిక కట్టడం అయితే స్ట్రక్చరల్ ఇంజనీరు కూడా

1. అటు వెళ్లే అవసరాన్ని తొలగించండి

దీనికి ఖర్చేమీ ఉండదు, అయినా దాదాపు అందరూ వదిలేసే పని ఇదే. వారం రోజులు గమనించి, పెద్దవాళ్లు కొలను వైపు ఎందుకు వెళ్తున్నారో రాసుకోండి. బట్టలారవేసే తీగ, పూలమొక్క, నీళ్ల కొళాయి, పెంపుడు జంతువు గిన్నె, ఎండ తగిలే కుర్చీ, మీటరు పెట్టె, ఇలా ఏదో ఒకటి కారణంగా ఉంటుంది. వాటిలో కదిలించగలిగిన వాటినన్నిటినీ ఇంటికి మరోవైపు మార్చండి. పూలు కోసేవారి చూపు కొమ్మ మీద ఉంటుంది. అందని పువ్వు కోసం తల పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆ అడుగు గట్టు మీద పడుతుందా, గట్టు దాటి పడుతుందా అన్నది వాళ్లకు తెలియదు. మొక్కను నాలుగు గజాలు జరిపితే ఆ అడుగు వేయవలసిన అవసరమే ఉండదు.

ఇంట్లో నుంచి నేరుగా కొలను దగ్గరకు తెరుచుకునే తలుపు ఉంటే దానికి ఈ రోజే తాళం వేయండి. అది అగ్నిప్రమాద సమయంలో బయటపడే దారి కూడా అయితే తాళం వేయకండి. తలుపు తెరవగానే మోగే అలారం పెట్టి, కంచె పనిని త్వరగా ముగించండి.

2. కరెంటు, పంపు ఆపించండి

వాడని కొలనులో నీటి అడుగు లైట్లు, పంపు వైర్లు ఎవరూ చూడకుండా పాతబడుతుంటాయి. లైటు చుట్టూ ఉన్న రబ్బరు సీలు పాడైతే నీటిలోకి విద్యుత్తు పాకవచ్చు. కొలనును మూసేస్తున్నట్టయితే, ఆ సర్క్యూట్లను స్విచ్చి దగ్గర ఆపి ఊరుకోకుండా, పంపిణీ పెట్టె దగ్గరే పూర్తిగా విడదీయించి, ఎవరూ పొరపాటున వేయకుండా చీటీ కట్టించండి. పంపు నడపవలసి ఉంటే ఆ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) ఉందో లేదో చూడండి. దాని మీది టెస్ట్ మీట నెలకొకసారి నొక్కినప్పుడు వెంటనే ట్రిప్ అవ్వాలి. ఆలస్యంగా పడినా, పడకపోయినా అది పనికిరాదు.

హెచ్చరిక: నీళ్లున్న కొలనులో అడుగునున్న మెయిన్ డ్రెయిన్ మూత విరిగినా, ఊడినా పంపు నడపకండి. ఆ పీల్పు జుట్టునో, ఒంటి భాగాన్నో పట్టేస్తే ఆరోగ్యవంతులు కూడా విడిపించుకోలేరు.

3. నీటి సంగతి తేల్చండి

ఉంచితే పూర్తిగా ఉంచండి, తీస్తే పూర్తిగా తీసి మూసేయండి. మధ్యస్థంగా వదలకండి.

నీళ్లు ఉంచాలనుకుంటే మట్టం స్కిమ్మర్ (నీటి మీద తేలే చెత్తను లాగే గోడ పక్క పెట్టె) నోటి సగం దాకా ఉండాలి. ఆ ఎత్తులో ఉంటేనే పడిన మనిషి చేతికి గట్టు, నిచ్చెన అందుతాయి. పంపు రోజూ నడవాలి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార స్థాయి) 7.2కూ 7.8కూ మధ్య ఉండాలి, ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి నీటిలో మిగిలి ఉన్న క్లోరిన్) కనీసం 1 పీపీఎమ్, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు ఉండాలి. గట్టు మీద నిలబడి చూస్తే అతి లోతైన చోట అడుగునున్న డ్రెయిన్ మూత స్పష్టంగా కనిపించాలి. ఈ పరీక్ష అందం కోసమని అనుకోకండి. పచ్చబడిన నీటిలో ఎవరైనా మునిగి ఉంటే పక్కనే నిలబడినవారికి కూడా కనబడరు.

తోడించాలనుకుంటే ముందు భూగర్భజలం సంగతి చూసుకోవాలి. చుట్టూ నేల నీటితో నాని ఉన్నప్పుడు కొలనును ఖాళీ చేస్తే, కింది నుంచి వచ్చే ఒత్తిడికి మొత్తం కట్టడం పడవలా పైకి లేచి, పగిలి, పక్కనున్న నేలను కూడా పెకలిస్తుంది. వర్షాకాలంలోనూ, వాన వెలిసిన వెంటనేనూ తోడించకండి. కొన్ని కొలనుల అడుగున ఒత్తిడి విడుదల చేసే వాల్వు ఉంటుంది. అది ఉన్నదీ లేనిదీ, పనిచేస్తున్నదీ లేనిదీ కొలనులు కట్టే మేస్త్రీతోనో, ఇంజనీరుతోనో చూపించుకున్నాకే పంపు దించండి. తోడిన నీటిలో క్లోరిన్ ఉంటే పక్కింటి స్థలంలోకో, చెరువులోకో వదలకూడదు. క్లోరిన్ వేయడం ఆపి కొన్ని రోజులు ఎండకు వదిలి, టెస్ట్ కిట్‌తో చూసి, నిబంధనలు అనుమతించే చోటికే పంపండి.

నిలవ నీరు అనగానే దోమలు కూడా గుర్తుకు రావాలి. వెచ్చని వాతావరణంలో ఏడెనిమిది రోజుల్లోనే గుడ్డు దోమగా మారుతుంది. అందుకని వారానికొకసారైనా, వెడల్పాటి తెల్లని గిన్నెతో గట్టు మూలల్లో నీళ్లు ముంచి చూడండి. మెలికలు తిరుగుతూ కదిలే పురుగులు కనిపిస్తే అవి దోమ లార్వాలే, వెంటనే వాటిని చంపే బీటీఐ అనే బ్యాక్టీరియా మందు వాడండి, లేదా ఆ నీటిని పూర్తిగా తీయించండి. వయసు పైబడిన వారికి డెంగీ త్వరగా తీవ్రమయ్యే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోవద్దు.

4. నాలుగు వైపులా కంచె వేయండి

మూడు వైపులా కంచె, నాలుగో వైపు ఇంటి గోడ అన్న పద్ధతి చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పెద్దవాళ్లున్న ఇంటికి అది చాలదు. ఇంటి తలుపు తీయగానే కొలను ఎదురయ్యేటట్టయితే, నిద్రమత్తులో లేచినవారికి గాని, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్నవారికి గాని మధ్యలో ఏ అడ్డూ లేనట్టే. కంచె ఇంటికీ కొలనుకూ మధ్య కూడా ఉండాలి.

కొలతలు ఇవి. ఎత్తు కనీసం నాలుగడుగులు, అంటే 120 సెంటీమీటర్లు ఉండాలి. అమెరికా, ఆస్ట్రేలియా ప్రమాణాల్లో కనిష్ఠ ఎత్తు దాదాపు ఇదే. పెద్దల విషయంలో ఈ ఎత్తుకు ఇంకో ప్రయోజనం ఉంది. నడుముకు బాగా పైన ఉంటుంది కనుక, తూలి కంచె మీద పడ్డా అటువైపుకు బోర్లా పడిపోరు. చువ్వల మధ్య సందు 10 సెంటీమీటర్లకు మించకూడదు. అడుగున కూడా అంతకు మించి ఖాళీ వద్దు. మనవలు వచ్చినప్పుడు ఈ సందులే లెక్కకు వస్తాయి. చువ్వలు నిలువుగా ఉండాలి, మధ్యలో కాలు పెట్టడానికి వీలయ్యే అడ్డకమ్మీ ఉండకూడదు.

గట్టుకూ కంచెకూ మధ్య కనీసం ఒక మీటరు నడిచే చోటు వదలండి. ఎవరైనా పడితే కాపాడేవారు మోకాళ్ల మీద కూర్చోవడానికి ఆ జాగా కావాలి.

ఇక గట్టిదనం. పిల్లల కోసం అమ్మే, తీసి పెట్టగలిగే వల కంచెలు చౌకగా, చూడముచ్చటగా ఉంటాయి. వాటిని పసిపిల్లవాడు తోస్తే ఆగుతుందా అని చూసి తయారు చేస్తారు. డెబ్బై కిలోల మనిషి తూలి చేయి వేసినప్పుడు ఆ వల సాగి, స్తంభం వంగి, ఆసరా ఇవ్వవలసిన చోటే మోసం చేస్తుంది. పెద్దలున్న ఇంటికి సిమెంటు పునాదిలో దిగిన లోహపు స్తంభాలే సరైనవి. స్తంభాలను గట్టు మీది పలకలో బిగించకుండా, దాని వెనుక నేలలో విడిగా పునాది తీసి నాటించండి. గుంత తవ్వే ముందు పైపులు, కేబుళ్లు ఎటు వెళ్తున్నాయో గుర్తించి సుద్దతో గీత గీయించండి.

రంగు విషయంలోనూ చాలామంది పొరబడతారు. తోటలో కలిసిపోవాలని నల్లదో, ఆకుపచ్చదో ఎంచుకుంటారు. కళ్లలో శుక్లాలున్నవారికి సాయంకాలం అది కనిపించదు, దానికే తగులుకుంటారు. కంచె పై కమ్మీ, గేటు చట్రం మాత్రం తెలుపో పసుపో వేయించండి. చువ్వల మధ్య నుంచి వంటగది కిటికీలోంచి కొలను కనబడుతూ ఉండాలి కాబట్టి, రేకులతో, గుడ్డతో మూసేయకండి.

ప్రత్యామ్నాయం: కంచె పనికి కొన్ని వారాలు పట్టేట్టుంటే, అప్పటిదాకా ఇంటి వైపు తలుపులకు తాళాలు, అలారాలు పెట్టి, కొలనుకు రెండు మీటర్ల ఇవతల బరువైన దిమ్మెలకు బిగించిన తాత్కాలిక నిర్మాణ కంచెను అద్దెకు తెచ్చి నిలపండి. తాడు కట్టి ఎర్రగుడ్డ వేలాడదీస్తే మాత్రం అడ్డు కట్టినట్టు కాదు. ఆసరా అనుకుని దాన్నే పట్టుకుంటారు.

5. గేటును జాగ్రత్తగా చూసుకోండి

కంచె ఎంత బాగున్నా గేటు గడియ పడకపోతే వృథా. గేటు కొలను నుంచి బయటివైపుకు తెరుచుకోవాలి. అప్పుడు గడియ సరిగా పడకపోయినా, గేటు మీద ఆనుకున్నవారి బరువుకు అది మూసుకునే వైపుకే వెళ్తుంది. దానంతటదే మూసుకోవాలి, దానంతటదే గడియ పడాలి.

వాడకంలో లేని కొలనుకు పైన తాళం కూడా వేసి ఉంచండి. చెవి ఒకటి బాధ్యత తీసుకున్న మనిషి దగ్గర, రెండోది ఇంట్లో అందరికీ తెలిసిన, ఒక్క నిమిషంలో అందే చోట ఉండాలి. డిమెన్షియా ఉన్నవారు ఇంట్లో ఉంటే ఆ చోటు వారి కంటికి ఎదురుగా ఉండకూడదు. అత్యవసరంలో చెవి కోసం వెతుక్కోవడం, చెవి లేకుండా కంచె దూకబోవడం రెండూ ప్రాణం మీదికి తెస్తాయి.

స్ప్రింగు బిగువు విషయంలో కొంత సర్దుబాటు అవసరం. మరీ బిగువుగా ఉంటే వాకర్‌తో లోపలికి వచ్చేవారి మడమకు గేటు వచ్చి కొడుతుంది. మరీ వదులైతే గడియ పడదు. మెల్లగా మూసుకునే హైడ్రాలిక్ బందులు దీనికి మంచి పరిష్కారం.

6. కవరు వేసేటట్టయితే

కొలనులపై వేసే కవర్లన్నీ ఒకటి కావు. నీటిని వెచ్చగా ఉంచే బుడగల కవరు, ఆకులు పడకుండా వేసే వల, టార్పాలిన్, వీటిలో ఏదీ మనిషి బరువు ఆపదు. పైగా వాటి మీద అడుగు పడితే అవి కుంగి, మనిషిని చుట్టుకుని లోపలికి తీసుకుపోతాయి. ఒడ్డున ఉన్నవారికి ఏమీ కనిపించదు. బట్ట కప్పి ఉండటం వల్ల అక్కడ గుంత ఉందన్న సంగతే మరిచిపోతారు. కొలనును తెరిచి ఉంచడం కంటే టార్పాలిన్ కప్పడం ప్రమాదకరమని నేను గట్టిగా చెబుతాను.

రక్షణ కవరు అని దేన్నైనా అమ్మజూపితే అది ఏ ప్రమాణానికి తూగుతుందో అడగండి. అమెరికాలో ఏఎస్‌టీఎమ్ ఎఫ్1346 అనే ప్రమాణం ప్రకారం పెద్ద కొలను కవరు ఇద్దరు పెద్దలు, ఒక పిల్లవాడి బరువును, అంటే సుమారు 220 కిలోలను మోయగలగాలి. అలాంటి కవరును చుట్టూ లంగర్లకు బిగించి లాగి కడతారు. జాలీ రకం వాన నీటిని కిందికి వదిలేస్తుంది. మూసి ఉండే రకమైతే పైన నిలిచిన నీటిని ప్రతి వానకూ పంపుతో తీయాలి. లంగర్ల తలలు నేలకు సమంగా దిగి ఉన్నాయో లేదో చెప్పులతో రాసి చూడండి, పైకి పొడుచుకు వస్తే కాలికి తగులుతాయి. కవరు ఎంత మంచిదైనా కంచెను తీసేయకండి. కవరు మీద నడవవచ్చని ఎవరికీ చెప్పకండి, ప్రదర్శన కోసం మీరూ నడవకండి.

7. నేల, గట్టు, వెలుతురు సరిచేయించండి

కంచె లోపలా బయటా, అర సెంటీమీటరు దాటి పైకి లేచిన పలక ప్రతిదానికీ సుద్దతో గుర్తు పెట్టి, సరిచేయించండి. పాచిని గట్టి బ్రష్‌తో రుద్ది తీయించి, నీడలో ఎప్పుడూ తడిగా ఉండే చోట పట్టునిచ్చే పూత వేయించండి. గట్టు అంచున పది సెంటీమీటర్ల వెడల్పున, పక్క నేలకు పూర్తిగా భిన్నమైన రంగులో, మెరుపు లేని పట్టీ వేయిస్తే ఎక్కడ నేల ముగుస్తుందో ముసలి కంటికి తెలుస్తుంది. నీలం మీద ఆకుపచ్చ, బూడిద మీద లేత గోధుమ పనికిరావు.

దీపాలు నేల మీద వెలుగు పరిచేలా, కంటికి కొట్టకుండా అమర్చండి. నీటి మీద పడి మెరిసే దీపం లేకపోవడమే మేలు. వయసు పైబడిన కన్ను చీకటి నుంచి వెలుగుకు అలవాటు పడటానికి సమయం తీసుకుంటుంది. అందుకని కదలికను పసిగట్టి ఒక్కసారిగా పెద్ద వెలుగు చిమ్మే దీపం కంటే, సంధ్య నుంచి తెల్లవారే దాకా సన్నగా వెలుగుతూ ఉండేదే మంచిది. నడక దారిలో ఆసరా కావాలనుకుంటే, గుప్పిట నిండా పట్టు దొరికేలా సుమారు 3.5 సెంటీమీటర్ల మందమున్న కమ్మీని 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తులో బిగించండి.

8. గుంటలు, మూతలు, రసాయనాలు

స్కిమ్మర్ మూతలు, పంపు గది మూత, నీరు నిలిచే సంప్ మూత, ఇవన్నీ కాలు వేస్తే విరిగే స్థితిలో ఉండవచ్చు. ఎండకు పెళుసైన ప్లాస్టిక్ మూతల స్థానంలో లోహపు మూతలు పెట్టించి, బోల్టులు బిగించండి. లోతైన సంపులోకి శుభ్రం చేయడానికని ఎవరినీ ఒంటరిగా దించకండి. మూసి ఉన్న చోట ఊపిరాడే గాలి ఉండకపోవచ్చు.

మిగిలిపోయిన క్లోరిన్, ఆసిడ్ డబ్బాలను విడివిడిగా, గాలి ఆడే పొడి చోట ఉంచండి. ఆ రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. బిళ్లల క్లోరిన్‌నూ పొడి క్లోరిన్‌నూ కలిపినా మంట లేదా పేలుడు రావచ్చు. పాత డబ్బాను తెరిచే ముందు ముఖం పక్కకు పెట్టండి. పారబోయడం కంటే, అమ్మిన చోటుకో, ప్రమాదకర వ్యర్థాల సేకరణకో అప్పగించడం మంచిది.

9. అలారాలు పెట్టండి, వాటి మీదే ఆధారపడకండి

ఇంటి తలుపుకు ఒకటి, గేటుకు ఒకటి సరిపోతుంది. నీటి కదలికను పసిగట్టే అలారం గాలికీ వానకూ మోగుతూ ఉంటే, విసుగెత్తి ఆపేస్తారు. మరో సంగతి చాలామందికి తట్టదు. అలారం వినవలసిన మనిషి కూడా తరచుగా వయసు పైబడినవారే. వారికి కీచు శబ్దాలు సరిగా వినిపించవు, రాత్రివేళ వినికిడి యంత్రం తీసి పెడతారు. కాబట్టి మంద్ర స్థాయిలో మోగేది గాని, మంచం పక్కన దీపం వెలిగించేది, దిండు కింద కంపించేది గాని ఎంచుకోండి.

10. ఎవరైనా పడితే

రక్షణ వలయాన్ని, కర్రను కంచె లోపల, ఎండ తగలని చోట, తాళం లేకుండా తగిలించండి. పక్కన పెద్ద అక్షరాలతో మీ ప్రాంతపు అత్యవసర నంబరు, ఇంటి చిరునామా రాసి పెట్టండి. కంగారులో చిరునామా నోటికి రాదు.

నీటిలో పడిన భర్తను రక్షించబోయి భార్య, భార్యను రక్షించబోయి భర్త దూకకూడదు. బోర్లా పడుకుని కర్ర అందించాలి, లేదా వలయం విసరాలి. బయటికి తీశాక శ్వాస లేకపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి. శిక్షణ ఉన్నవారు ముందు నోటితో శ్వాస అందించి, తరువాత నిమిషానికి 100 నుంచి 120 సార్లు గుండె మీద నొక్కాలి. శ్వాస తిరిగి వచ్చినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎండిన కొలనులో పడినవారిని చేతులు పట్టి పైకి లాగకండి, మెడ, తుంటి కదలనివ్వకుండా వైద్య సహాయం కోసం వేచి ఉండండి. రక్తం పలుచబడే మందులు వాడేవారి తలకు దెబ్బ తగిలితే, మాట బాగానే ఉన్నా ఆ రోజే ఆసుపత్రిలో చూపించాలి.

శాశ్వతంగా మూయించాలంటే

మట్టి తెచ్చి పోసేస్తే పని అయిపోదు. అడుగున రంధ్రాలు చేయించకపోతే వాన నీరు ఇంకడానికి దారి లేక, పైన పచ్చిక, లోపల బురద తయారవుతాయి. కాలు దిగబడే ఆ బురద చేతికర్రతో నడిచేవారికి కొత్త ప్రమాదం. పద్ధతి ఇది: పైపులు, కేబుళ్లు విడదీయించాలి, అడుగున నీరు ఇంకే రంధ్రాలు పలుచోట్ల కొట్టించాలి, గట్టు పై భాగాన్ని నేల మట్టానికి కిందికి తీయించాలి, కంకర, ఆపైన మట్టి, పదిహేను ఇరవై సెంటీమీటర్ల పొరలుగా పోసి ప్రతి పొరనూ తడిపి దిమ్మిస కొట్టించాలి. ఒక వర్షాకాలం గడిచేదాకా నేల కుంగుతూనే ఉంటుంది. అప్పటిదాకా అక్కడ నడకబాట వేయించకండి, కంచెను తీయకండి. దాని మీద గది కట్టే ఉద్దేశం ఉంటే ముందే ఇంజనీరుకు చెప్పాలి. ఇల్లు అమ్మే రోజుకు పనికొస్తుంది కనుక, పూడ్చిన చోటు కొలతలను, ఫొటోలను ఇంటి పత్రాలతో కలిపి ఉంచండి.

పైన చెక్క లేదా ఉక్కు వేదిక వేయించేవారు దాని బరువు లెక్కను ఇంజనీరు చేత రాయించుకోవాలి. కింద నీరు నిలవకుండా చూసి, గాలి సందులకు దోమతెర బిగించాలి. ఏడాదికొకసారి దిగి చూడటానికి తాళం ఉన్న తలుపు ఒకటి వదలాలి.

పని సరిగా అయిందో లేదో చూసుకోవడం

మధ్యాహ్నం వెలుగులో చూసి సంతృప్తి పడకండి. సూర్యాస్తమయం తరువాత అరగంటకు, ఇంట్లో వాడే వాకర్ తీసుకుని, పెద్దవాళ్లు నడిచే దారిలో మీరే నడవండి. డిమెన్షియా ఉన్నవారిలో అశాంతి, తిరుగుడు సాయంత్రమే ఎక్కువగా ఉంటాయి కనుక ఆ వేళ పరీక్షే అసలు పరీక్ష.

- గేటును పూర్తిగా, సగం, ఆపైన జానెడు మాత్రమే తెరిచి వదిలేయండి. మొదటి రెండు సార్లు చప్పుడు చేస్తూ మూసుకున్న గేటు, జానెడు తెరిచినప్పుడు వేగం అందక గడియ నోటి దగ్గర ఆగిపోవచ్చు. దూరం నుంచి మూసి ఉన్నట్టే కనిపిస్తుంది, వేలితో తోస్తే తెరుచుకుంటుంది. అలా జరిగితే బందు బిగువు పెంచాలి, లేదా గడియ ఎత్తు సరిచేయాలి.
- ప్రతి స్తంభం దగ్గరా భుజంతో ఆని మీ బరువంతా వేయండి. పునాది దగ్గర కదలిక కనిపిస్తే ఆ స్తంభం మళ్లీ నాటించాలి.
- కంచె బయట మీటరు లోపు కుర్చీ, కుండీ, బల్ల ఏదైనా చేరిందా అని చూడండి. శుభ్రం చేసినవారు తెలియకుండానే తెచ్చి పెడతారు.
- పడకగది తలుపు మూసి, ఫ్యాను వేసి, వినికిడి యంత్రం తీసేసిన తరువాత అలారం మోగించి, వినిపించిందా అని వారినే అడగండి.
- తాళం చెవి ఎక్కడుందో ఇంట్లో ఒక్కొక్కరినీ విడిగా అడగండి. సమాధానాలు వేరైతే చోటు మార్చండి.

గేటు, అలారం పరీక్ష నెలకొకసారి, నీటి పరీక్ష వారానికొకసారి, గాలివాన వచ్చినప్పుడల్లా కంచె, కవరు పరీక్ష జరగాలి. ఇవన్నీ ఎవరు చేస్తారో పేరు రాసి గోడకు అతికించండి. ఆ మనిషి ఊరికి వెళ్లే రోజుల్లో ఎవరు చూస్తారో దాని కిందే ఇంకో పేరు ఉండాలి. ఇంట్లోకి కొత్తగా సహాయకులు వచ్చిన మొదటి రోజే వారిని గేటు దగ్గరకు తీసుకువెళ్లి, తాళం తీసి మళ్లీ వేయడం వారి చేతే చేయించండి.